ఆరువేళ్ల పిడుగుపిడికిలి

నవ్వితే నవ్వండి గానీ మధ్యలో అడ్డు తగలకండి. అడ్డు తగిలితే ఎక్కడిదాకా చెప్పానో నేనే మరిచిపోతాను. అసలే ఈ వ్యవహారంలో ఎవరు ఎవరిని ఏం చేశారన్నది నాకింకా పూర్తిగా అంతుపట్టలేదు.

నేను కళ్లజోళ్ల దుకాణంలో అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగిస్తానని మీకు తెలుసు. ఊళ్లోవాళ్ల చూపు సరిచేయడం నా ఉద్యోగం. నా ముక్కు ముందు జరిగేది నాకు కనబడకపోవడం నా స్వభావం.

నా పిచ్చి కూడా మీకు తెలిసిందే. తొలినాటి సూపర్ హీరో కామిక్కులు, అందులోనూ పిడుగుపిడికిలి. పగలంతా గడియారాలు బాగుచేసుకుంటూ, ఊరికి ఆపద వస్తే ముసుగు తగిలించుకుని ఒక్క గుద్దుతో గోడలు కూల్చే వీరుడు. రెండో సంచిక నుంచి ఆఖరిదాకా అన్నీ నా దగ్గర ఉన్నాయి. మొదటి సంచిక తొలి ముద్రణ మాత్రం లేదు. అది లేకుండా మిగతావన్నీ ఉండటమంటే, తల లేని విగ్రహాన్ని హాల్లో పెట్టుకుని వచ్చినవాళ్లందరికీ చూపించడమే.

ఆ తొలి ముద్రణ అట్ట మీద బొమ్మ వేసినాయన ఏ ధ్యాసలో ఉన్నాడో గానీ వీరుడి ఎడమ పిడికిలికి ఆరు వేళ్లు వేశాడు. ఎవరో చూసి చెబితే రెండోసారి అచ్చులో ఒక వేలు తీసేశారు. అయిదు వేళ్లది ఎక్కడైనా దొరుకుతుంది. నా దగ్గరా ఉంది. దాన్ని నేను లెక్కలో వేసుకోను. ఆరువేళ్లదాన్ని ఫొటోలో చూసి నిట్టూర్చడమే తప్ప చేత్తో ముట్టుకునే భాగ్యం కలగలేదు.

మా పడగ్గదిలో పెద్ద అల్మరా మొత్తం ఆ పుస్తకాలదే. ఒక్కోటి ఒక్కో పారదర్శకపు తొడుగులో, వెన్ను వంగకుండా అట్టముక్క దన్నుతో నిలబడి ఉంటుంది. నా భార్య బట్టలు మంచం కింద సూట్‌కేసుల్లో ఉంటాయి.

"అల్మరాలో ఉన్నది ఈయన పెద్దావిడ. మంచం కింద ఉన్నది నేను" అంటుంది తను, ఇల్లు చూడవచ్చిన ప్రతివాళ్లతోనూ.

తను మందుల షాపులో పనిచేస్తుంది. పొద్దస్తమానం డాక్టర్ల చేతిరాత చదివే మనిషికి నా మొహం చదవడం ఏపాటి పని.

ఇక నా పన్ను. కుడివైపు కింద, లోపలిది. చాలాకాలంగా అది నా మాట వినడం మానేసింది. పన్ను అన్న మాటకు ఎన్ని అర్థాలున్నాయో అన్నింటికీ నేను భయపడతాను. ప్రభుత్వానికి కట్టే పన్ను వాయిదా వేస్తే నోటీసులొస్తాయి. నోట్లో పన్ను వాయిదా వేస్తే భార్య వస్తుంది.

"డాక్టరు దగ్గరికి ఎప్పుడెళ్దాం?"

"అదీ... దుకాణంలో పని ఎక్కువగా ఉంది... వచ్చేవారం..." అని నీళ్లు నమిలేవాణ్ని. ఆ పంటితో నేను నమలగలిగింది ఆ ఒక్కటే.

అలా ఉండగా ఒకరోజు భోజనాల దగ్గర తను మామూలుగా, వాన పడేలా ఉందని చెప్పినట్టు, ఒక మాట అంది.

"పళ్ల డాక్టరుగారి క్లినిక్‌లో మందులు ఇచ్చి రావడానికి వెళ్లానండీ. అక్కడ బల్ల మీద మీ పిడుగుపిడికిలి పుస్తకం ఒకటి పడి ఉంది. బాగా పాతది."

నేను కూడా వాన సంగతి మాట్లాడుతున్నట్టే మొహం పెట్టి, "ఎన్నో సంచిక?" అన్నాను.

"మొదటిదనుకుంటాను."

"అట్ట మీద పిడికిలి ఉందా? ఎన్ని వేళ్లు?"

"పరాయి మగాడి వేళ్లు నేనెందుకు లెక్కపెడతాను? అయిదో, ఆరో."

ఆ రాత్రి నేను పడుకోలేదని వేరే చెప్పక్కర్లేదు. ప్లాన్ వేశాను. నా అయిదువేళ్ల పుస్తకం చొక్కాలో దాచుకుని క్లినిక్‌కు వెళ్లాలి. ఎవరూ చూడనప్పుడు దాన్ని బల్ల మీద పెట్టి, ఆరువేళ్లది చొక్కాలో పెట్టుకోవాలి. ఇది దొంగతనం కాదు. అక్కడికొచ్చే రోగులకు ఇంకాస్త కొత్త పుస్తకం, అందులోనూ వేళ్లు సరిగ్గా ఉన్నది అందుతుంది. సేవ అన్నా తప్పులేదు.

వెళ్లడానికి ఒక నొప్పి కావాలి. నిజం నొప్పి చూపిస్తే ఆయన నిజంగానే పీకేస్తాడు. అందుకని ఎడమవైపున్న గట్టి పన్నొకటి ఎంచుకున్నాను. ఆయన చూస్తాడు, ఏమీ లేదంటాడు, నేను బయటికొస్తాను. ఇంతే.

పొద్దున్నే ఎడమ దవడ పట్టుకుని వంటింట్లోకి వెళ్లాను.

"పన్ను నొప్పే."

"ఎందుకు లెండి, లవంగ నూనె రాసుకోండి, తగ్గుతుంది" అంది తను తిరిగి చూడకుండా.

నేను తెల్లమొహం వేశాను. డాక్టరు డాక్టరు అని నా ప్రాణం తోడేసిన మనిషి ఇవాళ లవంగ నూనె అంటోంది.

"చాలా నొప్పిగా ఉందే."

"మీకు దుకాణంలో పని ఎక్కువగా ఉంది కదా. వచ్చేవారం చూద్దాం."

"వచ్చేవారం దాకా ఆగదు."

"పుస్తకం..."

"పుస్తకానికీ దీనికీ ఏ సంబంధమూ లేదు" అన్నాను గబుక్కున.

"పుస్తకం చూసి చెబుతాను, ఏ మాత్ర వేసుకోవాలో అంటున్నాను."

చివరికి నన్ను పళ్ల డాక్టరుకు చూపించమని నా భార్యను నేను బతిమాలుకోవాల్సి వచ్చింది. తను చాలాసేపు ఆలోచించి, నాకు ఉపకారం చేస్తున్నట్టు ఒప్పుకుంది. ఒక్కణ్నే వెళ్తానంటే మాత్రం వినలేదు.

క్లినిక్ ఒక పాత మేడ మీద ఉంది. ఇరుకు మెట్లు, పైన గాజు తలుపు, లోపల గోడవారగా కుర్చీలు, మధ్యలో బల్ల, మూలన కౌంటరు, కౌంటరు వెనక ఒక అమ్మాయి. లోపలి గది నుంచి కందిరీగ లాంటి చప్పుడు వస్తోంది. నా కుడివైపు పన్ను ఆ చప్పుడు గుర్తుపట్టింది.

బల్ల మీద పాత వారపత్రికలున్నాయి. పిడుగుపిడికిలి లేదు. తల తిప్పి చూస్తే ఉంది. ఎదురు కుర్చీలో కూర్చున్న ఒక మామ్మగారి చేతుల్లో ఉంది. ఆవిడ పుస్తకాన్ని మొహానికి దగ్గరగా పెట్టుకుని, పెదవులు కదుపుతూ ఒక్కో అక్షరం చదువుతున్నారు.

అట్ట నా వైపే ఉంది. పిడికిలి కనబడుతోంది. ఆవిడ బొటనవేలు సరిగ్గా దాని మీదే ఉంది. ఒకసారి లెక్కపెడితే అయిదు వచ్చాయి. ఇంకోసారి లెక్కపెడితే ఆరు. ఆ ఆరోది వీరుడిదో మామ్మగారిదో తేలలేదు. కాస్త ముందుకు వంగాను. చొక్కాలో పుస్తకం కరకరమంది.

"ఏమిటా చప్పుడు?" అంది నా భార్య.

"ఎముకలు."

"పన్ను కోసం వస్తే ఎముకలు కూడా బయటపడ్డాయన్నమాట."

నా వంతు వచ్చింది. మామ్మగారు ఇంకా మొదట్లోనే ఉన్నారు. నేను లేచి, నా వెనక వచ్చినాయనకు దారిచ్చాను. ఆయన దవడకు రుమాలు కట్టుకుని ఉన్నాడు, నా చేతులు పట్టుకుని కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. తర్వాత ఇంకొకావిడకు ఇచ్చాను. కౌంటరు దగ్గరి అమ్మాయి నన్ను వింతగా చూసింది.

"మీకు నొప్పి అన్నారు కదండీ?"

"నాకన్నా వాళ్లకు ఎక్కువ."

నేనిక ఉండబట్టలేక మామ్మగారి పక్క కుర్చీలోకి మారాను. "చదవడం అయ్యాక ఒకసారి ఇస్తారా, మామ్మగారూ?"

"అయ్యాక ఇస్తాను బాబూ. ఒకటి చెప్పు. వీడు ఒక్క గుద్దుతో గోడ కూలుస్తాడు కదా, మరి పక్కనే తలుపుంటే తలుపు తీసుకుని వెళ్లొచ్చుగా?"

ఇన్నేళ్లలో నాకు రాని సందేహం. నేను జవాబు వెతుక్కుంటుండగానే నా భార్య నా రెక్క పట్టుకుని లేపింది. "పిలుస్తున్నారు. మీ ధర్మం ఇంక చాలు" అంటూ లోపలికి నెట్టింది.

డాక్టరుగారు పెద్ద మనిషి. చేతులు చూస్తే మా వీరుడే గుర్తొచ్చాడు. గొంతు మాత్రం పసిపిల్లలను జోకొట్టేలా ఉంటుంది.

"ఏ వైపండీ?"

నేను కుడివైపు చూపించాను. చూపించాక గానీ గుర్తు రాలేదు, నేను ఎంచుకున్నది ఎడమ అని. గబగబా ఎడమవైపు చూపించాను.

"ఇంట్లో ఎడమ దవడ పట్టుకున్నారు, మెట్లెక్కేటప్పుడు కుడి పట్టుకున్నారు డాక్టరుగారూ" అంది నా భార్య.

"నొప్పి తిరుగుతోందా?"

"అవును, తిరుగుతోంది" అన్నాను, అదేదో మంచి రోగంలా వినబడింది గనక.

"అలాగైతే అన్నీ కొట్టి చూద్దాం" అని ఆయన చిన్న పనిముట్టు తీసుకుని ఎడమ చివర నుంచి ఒక్కో పన్నే తట్టుకుంటూ బయలుదేరాడు. నేను హాయిగా పడుకున్నాను. ఎడమవైపు అయిపోయింది. మధ్యలోవి అయిపోయాయి. రైలు కుడివైపు మలుపు తిరిగింది. అప్పుడు తెలిసింది, ఇది ఎక్కడ ఆగబోతోందో. దిగే వీలు లేదు.

ఆగింది. నేను కుర్చీలోంచి ఎంత ఎత్తు లేచానో నాకు తెలీదు. చొక్కాలో పుస్తకం మెడ దాకా వచ్చింది.

"దొరికింది" అన్నాడు డాక్టరుగారు జోల పాడినట్టు. "ఇది ఉంచేది కాదండీ. వేరు దగ్గర చీము పట్టింది. ఇంకొన్నాళ్లయితే దవడ ఎముకకు పాకేది."

నేను నా భార్య వైపు చూశాను, రక్షించమని. తను నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. రక్షిస్తోందనుకున్నాను. నేను పారిపోకుండా పట్టుకుందని సూది లోపలికి దిగాక అర్థమైంది.

బయటికి వచ్చేసరికి నోట్లో దూది, నోటికి స్పర్శ లేదు, కింది పెదవి నాదో కాదో తెలియడం లేదు. తల తిరుగుతోంది. మామ్మగారి కుర్చీ ఖాళీగా ఉంది. బల్ల మీద పుస్తకం లేదు. నా భార్య లోపల డాక్టరుగారితో మందుల గురించి మాట్లాడుతోంది.

కౌంటరు దగ్గరికి పరుగెత్తాను. "ఉత్తకం" అన్నాను.

"ఉతకడమా? బట్టలు ఉతికే షాపు కిందుందండీ, మెట్లు దిగి ఎడమవైపు."

"ఉత్తకం. ఓదటి హంచిక."

"ఓ, సంచి కావాలా" అని ఆ అమ్మాయి సొరుగులోంచి ఒక గుడ్డసంచి తీసి ఇచ్చింది.

అప్పుడు కనబడింది. వారపత్రికల దొంతర కింద నుంచి ఒక మూల. లాగాను. ఆరు. సాక్షాత్తూ ఆరు వేళ్లు. చొక్కాలోది తీసి బల్ల మీద పెట్టాను, బల్ల మీదిది చొక్కాలో పెట్టుకున్నాను. అయిపోయింది. ఎవరూ చూడలేదు.

అంతలో తల గిర్రున తిరిగింది. కుర్చీ పట్టుకుని నిలదొక్కుకున్నాను. నిలదొక్కుకున్నాక సందేహం వచ్చింది. ఇంతకీ మార్చానా, మార్చాలనుకున్నానా? మార్చి ఉంటే బల్ల మీదిది నాది. మార్చకపోయి ఉంటే చొక్కాలోది నాది. నా భార్య చెప్పుల చప్పుడు వినబడింది. ఆలోచించే వ్యవధి లేదు. గబుక్కున మార్చేశాను. చొక్కాలోకి కాదు, ఈసారి సంచిలోకి.

ఇంటికొచ్చి, గది తలుపు గడియపెట్టి, అద్దాలు పరీక్షించే భూతద్దం కంటికి బిగించుకుని సంచి తెరిచాను. వేళ్లు లెక్కపెట్టాను. మళ్లీ లెక్కపెట్టాను. కింద నుంచి పైకి కూడా లెక్కపెట్టాను. ఎటు నుంచి లెక్కపెట్టినా అయిదే వచ్చాయి.

నా పన్ను పోయింది. నా పుస్తకం నాకే వచ్చింది.

మర్నాడు మళ్లీ వంటింట్లోకి వెళ్లాను. "ఇంకో పన్ను కూడా నొప్పిగా ఉంది."

తను నన్ను పైనుంచి కిందిదాకా చూసింది. "ఈసారి ఏ వైపు?"

"నువ్వే చెప్పు" అన్నాను. నాకు నిజంగానే ఏదీ గుర్తుండటం లేదు.

"మీరు పదండి, నేను డాక్టరుగారికి ఫోన్ చేస్తాను."

ఈసారి ఒక్కణ్నే వెళ్లాను. బల్ల మీద దొంతర మొత్తం తిరగేశాను. కౌంటరు దగ్గరి అమ్మాయి వచ్చి ఏం పోయిందని అడిగింది. నోట్లో దూది లేదు గనక ఈసారి స్పష్టంగా చెప్పాను.

"ఆ కామిక్కా? అది మాది కాదండీ. మీ ఆవిడే తెచ్చి, కొన్నాళ్లు బల్ల మీద పెట్టుకోమన్నారు. నిన్న మీరు సంచి పట్టుకుని మెట్లు దిగుతుంటే తీసుకెళ్లిపోయారు."

ఆ అమ్మాయి చెప్పింది తెలుగే. ఒక్కో మాటా విడివిడిగా అర్థమవుతోంది. కలిపితే అర్థం కావడం లేదు. నా భార్య. తెచ్చింది. నా కోసం ఇక్కడ పెట్టింది. నేను నా భార్య పుస్తకాన్ని నా భార్య ఎదుట కొట్టేయబోయాను. కొట్టేశాను కూడా. కొట్టేసి తిరిగి ఇచ్చేశాను.

నోరు తెరిచి అలాగే నిలబడిపోయాను. తెరిచిన నోరు చూసి డాక్టరుగారు లోపల నుంచి పిలిచారు. "రండి, రండి. రెండో పన్నని మీ ఆవిడ చెప్పారు."

ఎడమవైపు ఒకటి పుచ్చిందట. నేను గట్టిదని ఎంచుకున్నది అదే. పూడ్చారు.

ఇంటికి వెళ్లి నిలదీద్దామనుకున్నాను. నిలదీయడానికి కూడా నోరు సహకరించాలి కదా. సాయంత్రం దాకా ఆగి అడిగాను.

"నన్ను మోసం చేశావు."

"మీరు డాక్టరుగారి బల్ల మీది పుస్తకం ఎత్తుకురావడానికి వెళ్లారు. నేను మిమ్మల్ని వైద్యం చేయించుకోవడానికి పంపాను. ఇందులో మోసం ఎవరిది?"

నేను దారి మార్చాను. "ఆ పుస్తకం ఎక్కడిది?"

"మామ్మగారిది. మా షాపుకు బీపీ మాత్రల కోసం వస్తారు, వస్తే కాసేపు కూర్చుంటారు. మీ పిచ్చి గురించి చెబితే మర్నాడు గుడ్డలో చుట్టి పట్టుకొచ్చారు. చిన్నప్పుడు కొనుక్కున్నారట. నిన్ననే తిరిగి ఇచ్చేశాను."

"నిన్న అక్కడ కూర్చున్నావిడా?"

"కాపలా కూర్చోబెట్టింది నేనే. లేకపోతే మీరు పుస్తకం మార్చుకుని పన్నుతోనే ఇంటికొచ్చేసేవారు."

తను అప్పటిదాకా నవ్వుతూనే ఉంది. ఉన్నట్టుండి నవ్వడం మానేసింది.

"పోయిన నెల దవడ వాచి రెండ్రోజులు జ్వరంతో పడుకున్నారు, గుర్తుందా? చల్లగాలి అన్నారు. ఆ షాపులో కూర్చుని నేను ఎన్ని మందుల చీటీలు చూస్తానండీ. పంటితో మొదలై గుండె దాకా వెళ్లినవాళ్లవీ చూస్తాను. మీకెన్నిసార్లు చెప్పాను? నా మాటకు కదలని మనిషి దేనికి కదులుతాడో అదే పెట్టాను."

తను లేచి నా ఎదుట మెత్తగా వండిన భోజనం పెట్టింది. ఎడమవైపు నమలాలో కుడివైపు నమలాలో తెలియక ముద్ద నోట్లో పెట్టుకుని కూర్చున్నాను.

"మామ్మగారికి నేనో మాటిచ్చాను" అంది తను.

"ఏమని?"

"అల్మరా తాళం తీస్తానని."

ఆదివారం ఆవిడ వచ్చారు. చేతిలో గుడ్డమూట. నా కళ్లు ఆ మూటను వదలడం లేదు. ఆవిడ కళ్లు అల్మరాను వదలడం లేదు.

"మొదటి పుస్తకం చివర వీడు గడియారస్తంభం ముల్లు పట్టుకుని వేలాడుతుంటాడు బాబూ. తర్వాతిది కొనేలోపు మేం ఊరు మారిపోయాం. అప్పటినుంచీ వేలాడుతూనే ఉన్నాడు. వీడెలా దిగాడో నువ్వయినా చెప్పు."

నేను గొంతు సవరించుకున్నాను.

"నాకు తెలీదు మామ్మగారూ."

"రెండోది నీ దగ్గరుందట కదా?"

"ఉంది. తెరవలేదు. తెరిస్తే వెన్ను విరుగుతుంది, పిన్నులు కదులుతాయి."

ఆవిడ నా భార్య వైపు చూశారు. నా భార్య ఆవిడ వైపు చూసింది. ఆ చూపుల మధ్య నేను పూర్తిగా నలిగిపోయాను.

"మరి దేనికి కొన్నావు?" అన్నారు ఆవిడ. వెక్కిరింపు కాదు, నిజంగానే అర్థం కాక అడిగారు. నేను ఆలోచించాను. కొన్న రోజున నాకు తెలుసు. తర్వాత ఎప్పుడో మరిచిపోయాను.

తాళం తీశాను. రెండో సంచిక తొడుగులోంచి బయటికి తీశాను. మామ్మగారు దాన్ని ఒళ్లో పెట్టుకుని, అప్పడం విరిచినట్టు రెండు వైపులకూ విప్పారు. వెన్ను చిటుక్కుమంది. నేను కళ్లు మూసుకున్నాను.

"అయ్యో, ముల్లు ఊడిపోతోంది" అంది నా భార్య.

నేను కళ్లు తెరిచాను. నిజంగానే ఊడిపోతోంది. గడియారం ముల్లు మొదట్లో మర ఒక్కటే మిగిలింది. కింద జనం. వీడు ఒంటిచేత్తో ఆ మరను బిగిస్తున్నాడు. గోడ బద్దలుకొట్టడు, గుద్దు గుద్దడు. పగలు చేసే పనే గాల్లో వేలాడుతూ చేస్తున్నాడు. నాకు కళ్లజోడు మరలు బిగించే నా బల్ల గుర్తొచ్చింది. ఎప్పుడు జరిగానో తెలీదు, మామ్మగారి భుజం పక్కన నేల మీద కూర్చుని ఉన్నాను. అటువైపు నా భార్య. పేజీ తిప్పడానికి ముగ్గురం తొందరపడుతున్నాం.

చివరి పేజీలో వీడు మళ్లీ ఒక చిక్కులో పడ్డాడు. వచ్చే ఆదివారం మూడోది చదువుదామని మామ్మగారే నిర్ణయించారు. లేచి నిలబడి గుడ్డమూట విప్పారు. ఆరు వేళ్లు గదిలో వెలిగిపోయాయి.

"ఇన్ని పుస్తకాలు చదవనిస్తున్నారు. ఇది మీ ఇంట్లోనే ఉండనీండి" అన్నారు.

నేను రెండు చేతులూ చాచాను. ఆవిడ నా చేతుల పక్కనుంచి పోనిచ్చి పుస్తకాన్ని నా భార్య చేతిలో పెట్టారు.

"నీ దగ్గరుంచమ్మా. ఈయనకిస్తే తాళం వేసేస్తాడు."

మామ్మగారిని వీధి మలుపు దాకా దిగబెట్టి వచ్చేసరికి నా భార్య ఆ పుస్తకాన్ని తలగడ మీద పెట్టుకుని బోర్లా పడుకుని చదువుతోంది. తొడుగు లేదు, అట్టముక్క దన్నూ లేదు.

"ఒక్కసారి ఇస్తావా? అట్ట చూసి ఇచ్చేస్తాను."

"నేను చదవడం అయ్యాక."

"ఎప్పుడవుతుంది?"

"మాత్ర వేసుకున్నారా?"

"వేసుకున్నాననుకుంటా."

"ఏది, గాటు మానిందో లేదో చూస్తాను. నోరు తెరవండి" అంది, పేజీ మీద నుంచి కళ్లెత్తి.

తెరిచాను.